పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాల్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్: లోపం ఎక్కడుందో తేల్చేదెలా?

పామేడు (బీజాపూర్): బస్తర్ అడవుల దక్షిణపు అంచున, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న పామేడు వంటి ప్రాంతాల్లో వాహనం మొరాయించడం చిన్న ఇబ్బంది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందిన ఈ గ్రామానికి దశాబ్దాల పాటు సంతకైనా, వైద్యానికైనా తెలంగాణలోని చర్ల, భద్రాచలమే దిక్కు. మావోయిస్టుల ప్రభావం, దట్టమైన అడవి, వానాకాలంలో పొంగే వాగులు కలిసి జిల్లా కేంద్రంతో నేరుగా రాకపోకలను చాలాకాలం అసాధ్యం చేశాయి. ప్రసవ వేదనలో ఉన్న మహిళను గానీ, పాముకాటుకు గురైన రైతును గానీ ఆసుపత్రికి చేర్చే బండి వాగు మధ్యలో ఆగిపోతే దాని మూల్యం డబ్బుతో కొలిచేది కాదు.

ఇటువంటి దారుల్లో నిన్నమొన్నటి వరకు జీపులదే రాజ్యం. 1985లో మార్కెట్లోకి వచ్చిన మారుతీ జిప్సీ మొదలుకొని మహీంద్రా జీపుల వరకు అవన్నీ చేతితో గేర్లు మార్చే బండ్లు. ఏ ఊరి మెకానిక్ అయినా వాటి క్లచ్ ప్లేటు మార్చగలడు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పెద్ద వాహనాలు భారత విపణిలో విస్తరించింది ఆ తరువాతే. మహీంద్రా స్కార్పియోలో ఆరు గేర్ల ఆటోమేటిక్ 2008లో ప్రవేశించింది. టయోటా ఫార్చూనర్, ఫోర్డ్ ఎండీవర్ వంటి వాటిలోనూ ఆటోమేటిక్ రకాలు వచ్చాయి. నగరాల్లో పదేళ్లు, పదిహేనేళ్లు తిరిగిన ఈ వాహనాలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ ధరలకు పల్లెలకు చేరుతున్నాయి. గేర్‌బాక్స్ మొరాయించినప్పుడు దానిని పూర్తిగా విప్పి బాగుచేసే నిపుణులు మాత్రం ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లకు పైగా దూరం.

లోపాన్ని సరిగా గుర్తించకుండా గేర్‌బాక్స్ విప్పితే లక్షల రూపాయల ఖర్చు అవుతుంది. అసలు కారణం తుప్పు పట్టిన ఒక వైరు జాయింటో, తగ్గిన రెండు లీటర్ల నూనెనో అయితే ఆ ఖర్చంతా వృథా. అందుకే గేర్‌బాక్స్ విప్పే ముందు ఏయే పరీక్షలు, ఏ క్రమంలో చేయాలన్నది యజమానులు, డ్రైవర్లు తెలుసుకోవాల్సిన విషయం.

లోపల జరిగేదేమిటి?

ఆటోమేటిక్ వాహనంలో డ్రైవరు తొక్కే క్లచ్ ఉండదు. ఇంజిన్‌కు, గేర్లకు మధ్య టార్క్ కన్వర్టర్ అనే డొల్ల చక్రం ఉంటుంది. ఇంజిన్‌తో తిరిగే రెక్కలు నూనెను విసిరితే, ఆ ధాటికి గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. ఎదురెదురుగా ఉంచిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండోది తిరగడం వంటిదే ఇది. రెండింటి మధ్యనున్న స్టేటర్ అనే మూడో భాగం బండి కదిలే వేళ బలాన్ని పెంచి అందిస్తుంది. ఈ సూత్రానికి జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంట్ పొందారు. ఆయన దానిని ఓడల కోసం రూపొందించారు. భారీ సంఖ్యలో తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌గా పేరొందిన హైడ్రా-మ్యాటిక్‌ను జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమర్చింది.

కన్వర్టర్ వెనుక ప్లానెటరీ గేర్ల సముదాయం ఉంటుంది. నడిమి చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, బయటి వలయం ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. వాటిలో దేనిని ఆపి, దేనిని తిప్పాలో నిర్ణయించేవి నూనెలో మునిగి ఉండే పలుచని క్లచ్ ప్లేట్లు. ఆ ప్లేట్లను బిగించేది నూనె పీడనం. పీడనాన్ని సరైన దారికి మళ్లించేది వాల్వ్ బాడీ. దానిలోని ద్వారాలను తెరిచి మూసేవి సోలెనాయిడ్లు అనే విద్యుత్ కవాటాలు. వాటికి ఆజ్ఞలిచ్చేది కంప్యూటర్.

అంటే ఒకే నూనె ఇక్కడ నాలుగు పనులు చేస్తుంది. బలాన్ని అందిస్తుంది, క్లచ్‌లను బిగిస్తుంది, భాగాలను తడుపుతుంది, వేడిని మోసుకుపోయి రేడియేటర్ వద్ద వదిలేస్తుంది. ఆటోమేటిక్‌లో ఎక్కువ రోగాలు నూనెతోనే మొదలయ్యేది ఇందుకే.

తొలి అనుమానం గేర్‌బాక్స్‌పై వద్దు

ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనంలో గేర్‌బాక్స్ వెనుక ట్రాన్స్‌ఫర్ కేస్ అనే మరో పెట్టె ఉంటుంది. వచ్చిన బలాన్ని ముందు, వెనుక చక్రాలకు పంచేది అదే. రెండు చక్రాలు, నాలుగు చక్రాలు, లో రేంజ్ అనే స్థానాలతో పాటు చాలా వాహనాల్లో దానికి సొంత న్యూట్రల్ కూడా ఉంటుంది. ఈ లివర్ పొరపాటున న్యూట్రల్‌లో నిలిచిపోయినా, స్విచ్‌తో పనిచేసే రకంలో మోటారు సగంలో ఆగిపోయినా బండి డ్రైవ్‌లోనూ, రివర్స్‌లోనూ కదలదు. చూసేవారికి గేర్‌బాక్స్ పూర్తిగా పోయినట్టే కనిపిస్తుంది. ముందుకూ వెనక్కూ రెండు వైపులా ఒకేసారి కదలిక పోతే మొదట చూడాల్సింది ఈ లివర్‌నే.

దీనిలో మరో ప్రమాదం ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గేర్ లివర్ ‘పార్క్’లో ఉన్నా చక్రాలకు పట్టు ఉండదు. వాలుపై బండి దానంతట అదే దొర్లిపోతుంది. కనుక ఏ పరీక్షకైనా ముందు హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టడం తప్పనిసరి.

గేర్‌బాక్స్ లోపంగా పొరబడే ఇతర కారణాలూ ఉన్నాయి. పొడి తారు రోడ్డుపై నాలుగు చక్రాల స్థానంలో నడిపితే మలుపుల వద్ద బండి బిగుసుకుపోతుంది. ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాల్సి రావడం, పార్ట్‌టైమ్ పద్ధతిలో వాటి షాఫ్టులు ఒకదానితో ఒకటి బంధించి ఉండడమే ఇందుకు కారణం. నాలుగు టైర్ల పరిమాణం, అరుగుదల ఒకేలా లేకపోయినా ఇదే బిగువు కనిపిస్తుంది. గేరు పడినప్పుడు ‘టక్’మనే శబ్దం ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ అరిగినా వస్తుంది, ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు చిరిగినా వస్తుంది. పికప్ లేకపోవడానికి మూసుకుపోయిన డీజిల్ ఫిల్టర్ కారణం కావచ్చు. రెండు చక్రాల స్థానంలో నిశ్శబ్దంగా ఉండి, నాలుగు చక్రాల స్థానంలో బరువు పడినప్పుడే ఫటఫటమంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని గొలుసు సాగి ఉండవచ్చు.

నూనె చెప్పే సాక్ష్యం

తరువాతి మెట్టు నూనె పరీక్ష. డిప్‌స్టిక్ ఉన్న చాలా రకాల్లో బండిని చదునైన చోట నిలిపి, కొంతదూరం నడిపి వేడెక్కించి, ఇంజిన్ నడుస్తుండగానే లివర్‌ను అన్ని స్థానాలకూ తిప్పి ‘పార్క్’కు తెచ్చి కొలవాలి. కొన్ని కంపెనీల వాహనాల్లో ఇంజిన్ ఆపి చూడాలి. ఏది సరైనదో వాహనంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. డిప్‌స్టిక్ లేని రకాల్లో గేర్‌బాక్స్ పక్కనున్న బోల్టు విప్పి, నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద నూనె అంచు వరకు ఉందో లేదో చూడాలి.

మట్టం తక్కువైతే పంపు గాలిని పీల్చుకుంటుంది. పీడనం పడిపోయి క్లచ్‌లు జారతాయి. మట్టం ఎక్కువైనా మేలు కాదు. తిరిగే భాగాలు నూనెను చిలికి నురగ చేస్తాయి. నురగతో పీడనం నిలవదు. ఫలితం మళ్లీ జారుడే.

తెల్లటి గుడ్డపై లేదా కాగితంపై ఒక చుక్క వేసి రంగు చూడాలి. సాధారణంగా కొత్త నూనె ఎర్రగా ఉంటుంది. లేత గోధుమ రంగుకు మారితే నూనె వయసు మీరిందని అర్థం. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్ల పూత కాలిపోయినట్టే. ఆ దశలో కేవలం నూనె మార్చితే బాగవదు. మెరిసే లోహపు రజను కనిపిస్తే లోపల గట్టి భాగాలు అరుగుతున్నాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులోకి మారితే నీళ్లు చేరాయి.

నూనె రకం కూడా ముఖ్యమే. టయోటా, మహీంద్రా, ఫోర్డ్ వాహనాలకు వేర్వేరు ప్రమాణాల నూనెలు అవసరమవుతాయి. ఒకే కంపెనీలోనూ పాత గేర్‌బాక్స్‌కు, కొత్త దానికి తేడా ఉంటుంది. దొరికిందేదో పోస్తే క్లచ్ పట్టే తీరు మారి వణుకు మొదలవుతుంది. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోసే చిక్కటి గేర్ ఆయిల్‌ను ఆటోమేటిక్‌లో ఎన్నడూ పోయరాదు.

వాగు నీరు చేరితే

చింతవాగు, తాలిపేరు పరీవాహక ప్రాంతంలో వానాకాలపు ప్రయాణమంటే నీటిలో నుంచి దాటడమే. వేడెక్కిన గేర్‌బాక్స్ చల్లటి వాగు నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ ఖాళీని నింపడానికి గాలి పైపు గుండా గానీ, అరిగిన సీళ్ల గుండా గానీ నీరు లోపలికి లాగబడుతుంది. క్లచ్ ప్లేట్లపై పూతను అంటించే జిగురు నీటికి సడలిపోతుంది. ఇలా నీరు చేరిన బండిని ‘నడుస్తోంది కదా’ అని తిప్పితే కొద్ది రోజుల్లోనే పూత ఊడిపోతుంది.

గులాబీ రంగు కనిపించినప్పుడు మరో దిక్కు కూడా చూడాలి. చాలా వాహనాల్లో గేర్‌బాక్స్ నూనె చల్లబడే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. అది చిల్లుపడితే వాగు దాటకపోయినా కూలెంట్ వచ్చి నూనెలో కలుస్తుంది. రేడియేటర్ మూత తీసినప్పుడు నీటిపై నూనె తెట్టు కనిపిస్తే లోపం అక్కడే. రేడియేటర్ మార్చకుండా ఎన్నిసార్లు నూనె మార్చినా ఫలితం ఉండదు.

నీరు చేరిందని తేలగానే బండిని ఆపి, నూనె వదిలి కొత్తది నింపడం, శుభ్రమైన రంగు వచ్చే వరకు దానిని మళ్లీ మళ్లీ చేయడం ఒక్కటే మార్గం. ఒకసారి వదిలితే మొత్తం నూనె రాదు. సగానికి పైగా కన్వర్టర్‌లోనూ, గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అదే సమయంలో ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు వెనుక హౌసింగుల నూనెలనూ పరిశీలించాలి. వాగులు తరచూ దాటే బండ్లకు గాలి పైపును ఇంజిన్ గది పైభాగం వరకు పొడిగించడం తక్కువ ఖర్చుతో అయ్యే రక్షణ.

లక్షణాన్ని బట్టి కారణం

నూనె సక్రమంగా ఉన్నా ఇబ్బంది తొలగకపోతే లక్షణాలను జాగ్రత్తగా గమనించాలి. ఏ గేరులో, ఎంత వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే సగం నిర్ధారణ పూర్తయినట్టే.

ఉదయం తొలిసారి గేరు వేసినప్పుడు కొన్ని క్షణాలు ఆగి పట్టడం: నూనె తగ్గడం, ఫిల్టర్ మూసుకుపోవడం, వయసుతో రబ్బరు సీళ్లు గట్టిపడడం దీనికి కారణాలు.

ఆర్‌పీఎం పెరుగుతున్నా వేగం పెరగకపోవడం: ఇది జారుడు. అన్ని గేర్లలోనూ జారితే పీడనం లేదా పంపు వంటి ఉమ్మడి లోపం. ఒక్క గేరులోనే జారితే ఆ గేరుకు పనిచేసే క్లచ్, బ్యాండ్ లేదా సోలెనాయిడ్ లోపం. ఏ గేరుకు ఏ క్లచ్ పనిచేస్తుందో తెలిపే పట్టిక ప్రతి గేర్‌బాక్స్ మాన్యువల్‌లో ఉంటుంది. చెడిన గేర్లన్నింటిలో ఉమ్మడిగా ఉండి, బాగున్న గేర్లలో లేని భాగమేదో చూస్తే దోషి తేలిపోతుంది. ముందుకు కదలక రివర్స్ మాత్రం పడుతుంటే అనుమానం ఫార్వర్డ్ క్లచ్ మీదికి వెళుతుంది.

మధ్యస్థ వేగంలో, తేలికగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు వణుకు: కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ దీనికి కారణం కావచ్చు. ఖాళీ రోడ్డుపై యాక్సిలరేటర్‌ను కదపకుండా బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత తేలికగా తాకితే లాకప్ విడిపోతుంది. అప్పుడు వణుకు ఆగితే లోపం లాకప్‌లోనే. ఆగకపోతే ఇంజిన్ మిస్‌ఫైర్ కోసం వెతకాలి.

బండి ఒకే గేరులో ఉండిపోవడం: కంప్యూటర్ తనకు అందిన సంకేతాలపై నమ్మకం కోల్పోయి రక్షణ స్థితిలోకి వెళ్లిందని అర్థం. ఇంజిన్ ఆపి మళ్లీ వేస్తే తాత్కాలికంగా సర్దుకుంటుంది. అలా సర్దుకుంటే విద్యుత్ లోపానికి అవకాశం ఎక్కువ.

‘పార్క్’లో స్టార్ట్ కాక ‘న్యూట్రల్’లో మాత్రమే స్టార్ట్ కావడం: లివర్ స్థానాన్ని తెలిపే స్విచ్ గానీ, లివర్ కేబుల్ గానీ సరిగా అమరలేదు. గేర్‌బాక్స్ విప్పనవసరం లేదు.

ఆలస్యంగా, గట్టి కుదుపుతో గేర్లు మారడం: పాత తరం గేర్‌బాక్స్‌ల్లో యాక్సిలరేటర్ నుంచి వాల్వ్ బాడీకి ఒక కేబుల్ వెళుతుంది. పీడనం ఎంత ఉండాలో అదే చెబుతుంది. ఆ కేబుల్ బిగువు తప్పితే కుదుపో, జారుడో మొదలవుతుంది. దానిని సరిచేయడం కొద్ది నిమిషాల పని.

కొలతతో తేల్చే పరీక్షలు

మెకానిక్ అనుభవానికి కొలత తోడైతే నిర్ధారణ గట్టిపడుతుంది. తేలికైనది సమయ పరీక్ష. ఇంజిన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉండగా, బ్రేక్ నొక్కి ఉంచి ‘న్యూట్రల్’ నుంచి ‘డ్రైవ్’కు మార్చి, కుదుపు తెలిసే వరకు పట్టిన సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవాలి. టయోటా పాత గేర్‌బాక్స్‌లకు ఇది 1.2 సెకన్లలోపు, రివర్స్‌కు 1.5 సెకన్లలోపు ఉండాలి. మూడుసార్లు, మధ్యలో నిమిషం విరామంతో కొలిచి సగటు తీసుకోవాలి. రెండింటిలోనూ ఆలస్యమైతే పీడనం తక్కువ. ఒక్కదానిలోనే అయితే ఆ వైపు క్లచ్ అరిగింది.

రెండోది స్టాల్ పరీక్ష. నాలుగు చక్రాలకూ అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేక్, కాలి బ్రేక్ రెండూ బిగించి, ‘డ్రైవ్’లో పూర్తిగా రేస్ ఇచ్చి ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం వద్ద ఆగుతుందో చూడాలి. ఐదు సెకన్లకు మించి చేయరాదు. వెంటనే రెండోసారి చేయరాదు. కన్వర్టర్‌లో నూనె విపరీతంగా వేడెక్కుతుంది. బండి ముందు గానీ, వెనుక గానీ ఎవరూ నిలబడకూడదు. వచ్చిన అంకె మాన్యువల్‌లో చెప్పిన దానికంటే ఎక్కువైతే క్లచ్ జారుతోంది. డ్రైవ్, రివర్స్ రెండింటిలోనూ తక్కువైతే ఇంజిన్‌కు బలం చాలడం లేదు. బాగా తక్కువైతే కన్వర్టర్ స్టేటర్‌లో ఉండే ఏకదిశ క్లచ్ పట్టు కోల్పోయి ఉండవచ్చు. ఇంజిన్ గానీ, బ్రేకులు గానీ బలహీనంగా ఉన్న బండిపై ఈ పరీక్ష చేయకపోవడమే మేలు.

మూడోది పీడన పరీక్ష. గేర్‌బాక్స్‌పై ఉండే ప్లగ్ విప్పి గేజ్ బిగించి, వచ్చిన పీడనాన్ని మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. గేర్‌బాక్స్ విప్పాలా వద్దా అన్న ప్రశ్నకు నమ్మకమైన సమాధానం చాలాసార్లు ఈ గేజే ఇస్తుంది.

విద్యుత్ లోపమా, యాంత్రిక లోపమా?

ఈ రెండింటినీ వేరు చేయడానికి పాత టయోటా, ఐసిన్ తరహా గేర్‌బాక్స్‌ల్లో ఒక సులువైన పద్ధతి ఉంది. సోలెనాయిడ్ల వైరు కనెక్టర్‌ను తప్పించి, లివర్‌తోనే ఒక్కో స్థానంలో బండిని నడిపి చూస్తారు. కంప్యూటర్ ప్రమేయం లేకుండా లివర్ స్థానాన్ని బట్టి మాన్యువల్‌లో చెప్పిన గేర్లు పడితే యాంత్రిక భాగాలు బాగున్నట్టే. అప్పుడు లోపం వైర్లలో, సెన్సర్లలో లేదా కంప్యూటర్‌లో ఉంది. అలా కూడా పడకపోతే వాల్వ్ బాడీలోనో, క్లచ్‌లలోనో వెతకాలి.

మన దేశంలో వాహన లోపాలను తనకు తానే నమోదు చేసే ఓబీడీ వ్యవస్థ భారత్ స్టేజ్ 4 ప్రమాణాలతో దశలవారీగా వచ్చింది. 2010 నుంచి మొదటి దశ, 2013 నుంచి రెండో దశ అమలయ్యాయి. ఆ తరువాతి వాహనాలకు చిన్న స్కానర్ తగిలించి కోడ్ చదవవచ్చు. ‘పీ 0700’ అన్నది గేర్‌బాక్స్ వ్యవస్థలో ఏదో లోపముందని మాత్రమే చెబుతుంది. దాని వెంట ఉండే మరో కోడే అసలు సమాచారం. ‘పీ 0715’ ఇన్‌పుట్ వేగ సెన్సర్‌ను, ‘పీ 0720’ అవుట్‌పుట్ వేగ సెన్సర్‌ను, ‘పీ 0741’ లాకప్ క్లచ్‌ను, ‘పీ 0750’ మొదటి షిఫ్ట్ సోలెనాయిడ్‌ను సూచిస్తాయి. ‘పీ 0730’ వస్తే గేరు నిష్పత్తి తప్పింది, అంటే ఎక్కడో జారుడు ఉండవచ్చు.

కోడ్ రాగానే ఆ భాగాన్ని కొనేయడం తొందరపాటు. సెన్సర్ కోడ్ వచ్చిందంటే సెన్సరే పోయిందని కాదు. దాని కనెక్టర్‌లో వాగు నీరు చేరి పచ్చటి తుప్పు పట్టి ఉండవచ్చు. ఎలుకలు వైరు కొరికి ఉండవచ్చు. బ్యాటరీ ఎర్త్ సడలినా, ఆల్టర్నేటర్ బలహీనపడినా కంప్యూటర్ తడబడుతుంది. ముందుగా కనెక్టర్లు విప్పి శుభ్రం చేసి, బ్యాటరీ వోల్టేజీ చూసి, ఆపై మల్టీమీటర్‌తో సోలెనాయిడ్ నిరోధాన్ని కొలవాలి. టయోటా ఏ340 తరహా గేర్‌బాక్స్‌లో షిఫ్ట్ సోలెనాయిడ్‌కు ఇది సుమారు 11 నుంచి 15 ఓములు. చర్లలోని చిన్న షెడ్డులో కూడా ఈ పనులన్నీ సాధ్యమే.

చాంబర్ విప్పితే కనిపించేవి

ఇంతవరకు చేసిన పరీక్షలు లోపలి అరుగుదలను సూచిస్తే, గేర్‌బాక్స్ దించే ముందు కింది చాంబర్‌ను విప్పి చూడాలి. దానిలోని అయస్కాంతానికి మెత్తటి బూడిద రంగు పేస్టు అంటి ఉండడం పాత బండిలో సహజం. చేతికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు, పసుపు రంగు బుష్ తునకలు, నల్లటి క్లచ్ పూత పొరలు కనిపిస్తే మాత్రం గేర్‌బాక్స్‌ను విప్పక తప్పదు. అవేవీ లేకపోతే ఫిల్టర్, నూనె మార్చి కొంతకాలం గమనించడంలో తప్పు లేదు.

‘పాత బండికి కొత్త నూనె పోస్తే గేర్‌బాక్స్ పోతుంది’ అన్న మాట డ్రైవర్లలో బాగా ప్రచారంలో ఉంది. ఏళ్ల తరబడి మార్చని నూనెలో తేలే క్లచ్ పొడి వల్లే అరిగిన ప్లేట్లు ఎంతో కొంత పట్టుకుని ఉంటాయి. కొత్త నూనెతో ఆ పట్టు పోయి అసలు రోగం బయటపడుతుంది. అంటే ప్లేట్లు అప్పటికే అరిగిపోయాయి. అయినా యంత్రంతో ఒత్తిడిగా కడిగించడం కంటే, చాంబర్ నుంచి వచ్చినంత వదిలి అంతే కొలతలో నింపడం, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మళ్లీ అలాగే చేయడం సురక్షిత మార్గం.

దారి మధ్యలో ఆగిపోతే

జీపుకు అలవాటుపడిన వారు చేసే మొదటి పని బండిని తోయడం. ఆటోమేటిక్ బండ్లు సాధారణంగా తోస్తే స్టార్ట్ కావు. నూనె పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది కాబట్టి చక్రాలు తిరిగినంత మాత్రాన క్లచ్‌లు బిగుసుకోవు. బ్యాటరీ బలహీనపడితే మరో బండి నుంచి కేబుళ్లు కలపడమే దారి. అడవి దారిలో వెళ్లే ఆటోమేటిక్ వాహనంలో జంపర్ కేబుళ్లు తప్పక ఉండాలి.

చక్రాలు నేలపై ఆనించి దూరం లాగడం మరింత ప్రమాదం. ఇంజిన్ ఆగి ఉంటే లోపలి భాగాలకు నూనె అందదు. బండిని లారీపైకి ఎక్కించి తీసుకెళ్లడం ఉత్తమం. అది దొరకనప్పుడు, కంపెనీ పుస్తకం అనుమతించిన రకాల్లో ట్రాన్స్‌ఫర్ కేస్‌ను న్యూట్రల్‌లో ఉంచి నెమ్మదిగా లాగవచ్చు. లేదా ప్రొపెల్లర్ షాఫ్టులను విప్పి లాగాలి.

క్లచ్ కొద్దిగా జారుతున్నా బండి కదులుతుంటే, మట్టి దారిలో లో రేంజ్ వేసి నెమ్మదిగా నడపవచ్చు. లో రేంజ్‌లో గేర్‌బాక్స్ తరువాత బలం చాలా వాహనాల్లో సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది కనుక, అదే పనికి క్లచ్‌లపై పడే భారం తగ్గుతుంది. రోగిని రోడ్డు వరకు చేర్చడానికి ఈ ఉపాయం చాలవచ్చు. నూనె వేడి హెచ్చరిక వెలిగితే మాత్రం ఆగి, లివర్‌ను ‘పార్క్’లో ఉంచి ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో నడవనివ్వాలి. రేడియేటర్‌కు అడ్డుపడిన బురదను కడగాలి. ఊబిలో కూరుకుపోయినప్పుడు ఎడతెగకుండా రేస్ ఇవ్వడం, ముందుకూ వెనక్కూ గేర్లు గబగబా మార్చడం గేర్‌బాక్స్‌ను వేగంగా వేడెక్కించే అలవాట్లు.

కొనే ముందు చూసుకోవాల్సినవి

సెకండ్ హ్యాండ్ బండిని చూసేందుకు వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలని యజమానిని ముందే కోరాలి. వేడెక్కించి సిద్ధంగా ఉంచిన బండిలో చల్లటి వేళ కనిపించే ఆలస్యం బయటపడదు. నూనె రంగు చూడాలి. అన్ని గేర్లు పడేలా కనీసం అరగంట నడపాలి. నాలుగు చక్రాల స్థానం, లో రేంజ్ రెండూ మట్టి నేలపై వేసి చూడాలి. వాలుపై ‘పార్క్’ పట్టు పరీక్షించాలి.

పత్రాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై ఫిట్‌నెస్ పరీక్షతో ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. తెలంగాణలో కొని ఛత్తీస్‌గఢ్‌లో నడిపే సరిహద్దు గ్రామాల వారికి ఇది వర్తిస్తుంది.

మొత్తం మీద నిర్ధారణ క్రమం ఇది: ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్, నూనె మట్టం, నూనె రంగు, లివర్ కేబుళ్లు, కనెక్టర్లు, బ్యాటరీ, కోడ్, సమయ పరీక్ష, పీడనం, చాంబర్. వీటిలో పీడన గేజ్, స్కానర్ తప్ప మిగిలినవాటికి ఊళ్లో దొరికే పనిముట్లే సరిపోతాయి. వీటిని దాటి వచ్చిన తరువాత కూడా లోపం లోపలే ఉందని తేలితేనే బండిని నగరానికి పంపాలి. పంపేటప్పుడు ఈ పరీక్షల్లో వచ్చిన అంకెలను కాగితంపై రాసి ఇస్తే, అక్కడి నిపుణుడికి పని మొదటి నుంచి మొదలుపెట్టే అవసరం తప్పుతుంది. బండి యజమానికి అనవసరపు మరమ్మతు భారం తప్పుతుంది.